గుల్లల కోసం కొన్న పోలరైజర్ జత: చూడటానికి భేష్, కొలవడానికి చాలదు

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా స్టూడెంట్ మైక్రోస్కోపుకి తగిలించుకునే పోలరైజర్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్) జత ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. "సముద్రపు ప్లాంక్టన్ గుల్లల కాల్సిఫికేషన్ కొలవొచ్చు" అని అమ్మకం పేజీలో రాశారు. ప్లాంక్టన్ అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులు, కాల్సిఫికేషన్ అంటే వాటి గుల్లలో సున్నం (కాల్షియం కార్బొనేట్) పేరుకోవడం. మా ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు సరిగ్గా అదే. ఆ ఒక్క మాట నమ్మి కొనకండి. కానీ ఇది లేకుండా ఆ ప్రాజెక్టు మొదలుపెట్టొద్దని కూడా చెబుతాను.

జతలో రెండే బిళ్లలు. పెద్దది కింద దీపం మీద కూర్చుంటుంది, చిన్నది ఐపీస్ కింద ట్యూబులోకి దిగుతుంది. పెద్దదాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట అంతా నల్లబడిపోతుంది. ఆ నలుపులో కూడా వెలిగేదే మనకు కావలసింది. గుల్లలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు తమగుండా వెళ్లే కాంతిని రెండుగా చీలుస్తాయి, అందుకే వెలుగుతాయి. డయాటమ్ అనే ఏకకణ నాచు పెంకు సిలికాదే అయినా దానికి స్ఫటిక అమరిక లేదు, చీకట్లో కలిసిపోతుంది.

కళింగపట్నం దగ్గర పడవ మీద వెళ్లి ప్లాంక్టన్ వల లాగించాం. సీసా అడుగున చేరిన నలకలు చూసి పడవాయన "ఇందులో ఏటుందమ్మా?" అని అడిగాడు. మామూలు వెలుతురులో చూసినప్పుడు మా పిల్లలకీ అదే సందేహం: అన్నీ గోధుమరంగు చెత్తలా ఉన్నాయి. బిళ్ల తిప్పగానే ఆ గందరగోళంలోంచి ఆలుచిప్పల పిల్లలు బయటపడ్డాయి. ఒక్కోటీ తెల్లగా మెరుస్తూ, మధ్యలో నల్లటి కూడిక గుర్తు. స్లయిడు తిప్పినా ఆ గుర్తు కదలలేదు. ఒకమ్మాయి ఐపీస్ వదలనంది, మిగతావాళ్లు వెనక క్యూ కట్టారు. అమెరికాలో జలాశయాల్లోకి జీబ్రా మసెల్ అనే బయటి ఆలుచిప్ప చొరబడిందా అని నీళ్ల శాంపిళ్లలో వెతికేటప్పుడు ఈ గుర్తునే పట్టుకుంటారు.

ఒడ్డు దగ్గర మీకు దొరికేవి ఎక్కువగా ఇలాంటి చిప్పల, నత్తల పిల్లలే. గ్లోబిజెరినా లాంటి తేలే ఫొరామినిఫెరా (సున్నపు గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు) కావాలంటే ఒడ్డు వదిలి ఇంకా లోతు సముద్రంలోకి వెళ్లాలి. వంశధార మంచినీరు కలిసేచోట వాటి కోసం వెతక్కండి.

రెండు జాగ్రత్తలు. ఏటి ఇసుకలోని క్వార్ట్జ్ కూడా ఇలాగే వెలుగుతుంది. అనుమానం వస్తే అంచున వెనిగర్ చుక్క వేయండి, సున్నమైతే బుడగలొస్తాయి. ప్లాస్టిక్ డిష్ వాడొద్దు, దానికదే రంగులు చూపించి గుల్లని మింగేస్తుంది. గాజు స్లయిడే వాడాలి.

ఇక కొలత సంగతి. మెరుపు నుంచి మందం లెక్కకట్టే పద్ధతి నిజంగానే ఉంది. కొక్కోలిథోఫోర్లు అనే ఏకకణ నాచుల మీద ఉండే, రెండు మూడు మైక్రాన్ల వెడల్పున్న సున్నపు బిళ్లలని అలాగే తూకం కడతారు. కాల్సైట్ (ఆ బిళ్లల్లోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) మందం సుమారు 1.5 మైక్రాన్లు దాటేదాకా మెరుపు మందంతోపాటు పెరుగుతుంది, ఆ తర్వాత రంగులు మొదలవుతాయి. దానికి 100ఎక్స్ ఆయిల్ లెన్సు, స్థిరమైన కెమెరా కావాలి. ఆ నల్ల గుర్తు కిందపడ్డ భాగం లెక్కలోకి రాదు గనక వర్తుల పోలరైజర్ ఉంటే మేలు. ఈ జతలో ఉన్నది అది కాదు. పైగా ఫోను పెట్టి ఫొటో తీస్తే ఎక్స్‌పోజర్ తనంతట తనే మారిపోతుంది, ఒక ఫొటోని ఇంకోదానితో పోల్చలేం.

పెద్ద గుల్లలకి తూకమే దారి. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో దక్షిణ మహాసముద్రపు గ్లోబిజెరినా బుల్లాయిడిస్ గుల్లలు, అక్కడి అడుగు మట్టిలో దొరికిన పాతవాటికంటే 30 నుంచి 35 శాతం తేలికగా ఉన్నాయని తేలింది. అలా పోల్చాలంటే ఒకే సైజువి ఏరి తూచాలి. ఒక్క గుల్ల బరువు పదుల మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మా కాలేజీ తక్కెడ చూపించే అతి చిన్న తేడా 0.1 మిల్లీగ్రాము, అంటే 100 మైక్రోగ్రాములు. 20 మైక్రోగ్రాములవి 50 ఏరితే ఒక మిల్లీగ్రాము. అప్పుడు కూడా పది శాతం అటూ ఇటూ. మైక్రోబ్యాలెన్స్ ఉన్న ల్యాబుని బతిమాలుకోక తప్పదు.

మరి ఈ బిళ్లలు ఎందుకు? తూకానికి పంపే ముందు గుల్ల బాగుందో లేదో చెబుతాయి, అందుకు. ఒకే వలలో పడ్డవాటిని రెండు సీసాల్లో పోసి, ఒకదాంట్లో మామూలు ఫార్మలిన్, రెండోదాంట్లో ఆమ్లాన్ని అణిచే బోరాక్స్ కలిపిన ఫార్మలిన్ వేసి పక్కపక్కన పెట్టాం. కొన్ని వారాలయ్యాక బోరాక్స్ సీసాలోవి అలాగే మెరిశాయి. మామూలుదాంట్లో గుల్ల ఆకారం కనబడుతోంది, మెరుపు లేదు, గుర్తూ లేదు. ఫార్మలిన్‌లోని ఆమ్లం సున్నాన్ని తినేసింది. మామూలు వెలుతురులో చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి! అలాంటి శాంపిల్ తూచి, సముద్రం ఆమ్లీకరణ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీటి పీహెచ్ తగ్గడం) వల్లే గుల్ల పలచబడిందని రిపోర్టు రాసేస్తే ఎంత ఘోరం. పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2 దగ్గరున్న సముద్ర ఉపరితలపు పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. అంత చిన్న మార్పు జాడ వెతికేవాళ్లం సీసాలో జరిగే నష్టాన్ని ముందు పట్టుకోవాలి.

వస్తువు నాణ్యత ఓ మోస్తరు. చిన్న బిళ్ల రింగు వదులు. ఏడు రోడ్ల కూడలి దగ్గర కళ్లద్దాల షాపులో సన్న పట్టీ అతికించి సరిచేసి ఇచ్చారు, డబ్బులు కూడా వద్దన్నారు. ఫిల్మ్ మీద గీతలు తొందరగా పడతాయి, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డే వాడండి. తిప్పే అంచు మీద డిగ్రీల గుర్తుల్లేవు, మేం మార్కర్‌తో గీసుకున్నాం. హాలోజెన్ దీపమైతే వేడికి ఫిల్మ్ పాడవుతుంది, ఎల్ఈడీ ఉంటేనే కొనండి.

రెండు వేలలోపు దొరికితే ప్రతి కాలేజీ ల్యాబులో ఒక జత ఉండాలంటాను. ఆర్డరు పెట్టేముందు మీ ఐపీస్ ట్యూబు 23 మిల్లీమీటర్లదో 30దో కొలిచి చూసుకోండి, రెండింటికీ సరిపోయే రింగు వీళ్లు ఇవ్వరు.