గర్భంతో ఉండగా వాడుతున్న గ్లూకోమీటర్: నా రివ్యూ

నాకు గర్భం రాకముందు నుంచే షుగర్ ఉంది. ఇప్పుడు ఏడో నెల. మొదటి నుంచీ ఇదే మీటర్ వాడుతున్నాను.

ఇంత పట్టుగా ఎందుకు చూసుకుంటున్నానంటే బిడ్డ కిడ్నీల కోసం. తల్లి రక్తంలో గ్లూకోజ్ మావి దాటి బిడ్డకు చేరుతుంది. ఐదో వారం దగ్గర మొదలయ్యే కిడ్నీల నిర్మాణం సుమారు 36వ వారానికి ముగుస్తుంది. రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు అప్పటికి ఎన్ని తయారైతే అన్నే. నెలలు నిండి పుట్టాక కొత్తవి రావు. ఒక్కో కిడ్నీకి సగటున 10 లక్షలు ఉంటాయి, కానీ మనిషికీ మనిషికీ చాలా తేడా. తొలి వారాల్లో షుగర్ బాగా ఎక్కువైతే కిడ్నీ, మూత్రనాళాల లోపాల ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉన్న తల్లి ఎలుకలకు పుట్టిన పిల్లల్లో నెఫ్రాన్లు తగ్గడం, పెద్దయ్యాక బీపీ పెరగడం ప్రయోగాల్లో కనిపించాయి. మనుషుల్లో అంత సూటి రుజువు లేదు. అయినా నాకు జాగ్రత్త పడడానికి అది చాలు. పైగా నెఫ్రాన్లలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే తయారవుతాయి. అంటే ఇప్పుడే.

ఇక మీటర్ సంగతి. రక్తం చుక్క చిన్నదైనా చాలు, తిన్నాక తీసిన రీడింగ్‌ను విడిగా గుర్తుపెట్టే మీట ఉంది. డాక్టర్ ముందు మొదట తెరిచేది ఆ పట్టికే. సూది మాత్రం మొరటుది, వేరేది కొనుక్కున్నాను.

ఆలోచించాల్సింది కచ్చితత్వం గురించి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నది నా లక్ష్యం. ఇళ్లలో వాడే మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణమే 100 లోపు రీడింగుల్లో 15 అటూఇటూ తేడాను అనుమతిస్తుంది. కాబట్టి పరగడుపు రీడింగ్ 98 వస్తే కంగారుపడను, 88 వస్తే ధీమాగానూ ఉండను, వరుసగా వారం రోజులవి చూస్తాను. ల్యాబ్‌లో రక్తం ఇచ్చినప్పుడే దీనితోనూ చూసి పోల్చుకుంటాను. ఇప్పటిదాకా దగ్గరగానే ఉన్నాయి.

రక్తహీనత ఉంటే చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. గర్భిణుల్లో అది మామూలే కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన మాట. ఇందులో మాన్యువల్ చివరి పేజీలో దాచారు. అందుకే ఒక స్టార్ తగ్గించాను. కొనేవాళ్లు హిమోగ్లోబిన్ ఎంతుందో డాక్టర్‌కు చెప్పి, ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలో అడగండి.