వీధి వైపు మట్టి జాలీ గోడ: కొన్నేళ్ల వాడకం తర్వాత

బెంగళూరులో 30×40 అడుగుల సైటులో ఇల్లు కట్టుకున్నవారికి ఎదురింటి బాల్కనీ ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పనక్కరలేదు. మా హాలుకు తూర్పున, వీధి వైపు, గాజు కిటికీకి బదులు కాల్చిన మట్టి దిమ్మెలతో జాలీ గోడ, అంటే నిండా కంతలుండే గోడ, కట్టించాము. ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

పగటిపూట దానికి వంక పెట్టలేను. బయట వెలుతురు లోపలికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక వీధిలోని మనిషికి నల్లటి కంతలే కనిపిస్తాయి. లోపల కూర్చున్నవారికి మాత్రం వీధంతా కనిపిస్తుంది. దిమ్మె మందం కంత వెడల్పుతో సమానం కావడంతో, 45 డిగ్రీలకు మించి పక్కనుంచి వచ్చే చూపు గోడలోనే ఆగిపోతుంది. మండువా లోగిలిలో పెరిగిన మా అత్తగారికి, ఎవరి కంటా పడకుండా నలుగురి మధ్య ఉండే చోటు అపార్ట్‌మెంటులో ఉన్నన్నాళ్లూ దొరకలేదు. ఇప్పుడు పొద్దున్నే అక్కడ కూర్చుని పూలు కట్టుకుంటూ, ఆకుకూరలమ్మే ఆవిడ మలుపు తిరగగానే లోపలినుంచే కేకేసి ఆపుతారు. ఆర్కిటెక్టు లారీ బేకర్ తిరువనంతపురంలో ఇటుక జాలీలనే గాలికీ, వెలుతురుకూ, మరుగుకూ ఎందుకంతగా వాడారో ఈ గోడ పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

అయితే గృహప్రవేశమైన కొద్ది రోజులకే, ఎదురింటి అనంతపురం ఆవిడ మొహమాటపడుతూనే అత్తగారితో అన్నారు: "పిన్నిగారూ, రాత్రిపూట మీరంతా భోజనానికి కూర్చోవడం మా బాల్కనీలోకి బాగా కనిపిస్తోందండీ." చీకటి పడి లోపల లైటు వేయగానే లెక్క తిరగబడుతుంది, వెలుతురు ఎటు ఎక్కువ ఉంటే అటువైపే బయటపడుతుంది. ఇంత ముఖ్యమైన సంగతిని ప్లాను గీసినవారు ఒక్కసారీ ప్రస్తావించకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. హాలు నడిమి సీలింగు లైటు మానేసి, గోడల పక్కన నేలకు దగ్గరగా వెలిగే దీపాలు పెట్టించి, జాలీ బయటి ముఖం మీద పడేలా వరండాలో ఒక దీపం అమర్చాక చాలావరకు మరుగు కుదిరింది. బంధువులు వచ్చి అన్ని లైట్లూ వేయవలసిన రాత్రుల్లో వెదురు తెర దించక తప్పదు, దించితే గాలి ఆగిపోతుంది. పగలూ రాత్రీ గాలి ఆడే ఇల్లని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు పగలు అని మాత్రమే చెబుతున్నాను.

తూర్పు ముఖం కనుక నైరుతి వానలకు ఇబ్బంది లేదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వైపు నుంచి గాలి వీచినప్పుడు తుంపర సోఫా దాకా వస్తుంది. దోమతెరను తలుపులా తెరుచుకునే చట్రానికి బిగించుకోవడం మంచిది. లేకపోతే కంతల్లోని దుమ్మును కుంచెతో తీయడం కుదరదు.

ఎదురిల్లు రెండంతస్తులే కావడం, పగలు ఇంట్లో పెద్దవారు ఉండడం మాకు కలిసివచ్చాయి. ఉద్యోగాలకు వెళ్లి చీకటి పడ్డాకే ఇల్లు చేరే దంపతులకు దీని మేలు సగమే అందుతుంది. హాలుకైతే మళ్లీ ఇదే కట్టిస్తాను, పడకగదికి మాత్రం కట్టించను.