గల్ఫ్ మెడికల్‌లో బయటపడటమా, ముందే మన ఊళ్ళో తెలుసుకోవడమా? హెపటైటిస్ పరీక్షల్లో ఏది మేలు?

రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్ళలో చాలామందికి హెపటైటిస్ బి, అంటే కాలేయానికి సోకే ఒక వైరస్ జబ్బు, అనే మాట మొదటిసారి చెవిన పడేది మెడికల్ సెంటర్‌లోనే. అప్పటికి పాస్‌పోర్టు వచ్చి ఉంటుంది, ఏజెంటుకు అడ్వాన్సు ముట్టి ఉంటుంది, ఆ డబ్బు వడ్డీకి తెచ్చిందయి ఉంటుంది. కువైట్, సౌదీ లాంటి దేశాలకు పనికి పోవాలంటే చేసే మెడికల్‌లో హెపటైటిస్ బి, సి రెండూ చూస్తారు. ఏది పాజిటివ్ వచ్చినా ‘అన్‌ఫిట్’ అని రాసి పంపుతారు. ఎందుకు అన్‌ఫిట్, ఇప్పుడేం చేయాలి అని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు అరుదు. డ్రైవర్ పనికి పోవాలనుకున్న అబ్బాయైనా, ఇంటిపనికి పోవాలనుకున్న తల్లి అయినా అప్పు బాధ ఒకవైపు, ‘నాకేదో పెద్ద జబ్బుంది’ అన్న భయం ఒకవైపు పెట్టుకుని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెప్తాను. ఏజెంటుకు రూపాయి కట్టకముందే ఇక్కడ పరీక్ష చేయించుకోవడం మేలు. డబ్బు మిగలడం ఒక్కటే దీనికి కారణం కాదు. మెడికల్‌లో తెలిస్తే అది వీసా కథ అయిపోతుంది. ముందే తెలిస్తే డాక్టరు దగ్గరకు దారి దొరుకుతుంది.

సరే, ఏ పరీక్ష? ఇక్కడే చాలామంది తప్పుదారి పడుతున్నారు. ఊళ్ళలో ఇప్పుడు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు బాగా అమ్ముడుపోతున్నాయి. అందులో ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ ఫంక్షన్ టెస్ట్, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఎస్‌జీపీటీ 40 లోపు వచ్చిందంటే ‘నా లివర్ శుభ్రంగా ఉంది, నాకు హెపటైటిస్ లేదు’ అనుకుంటారు. మొదటి మాటకు ఆ రిపోర్టులో కొంత ఆధారం ఉంది, రెండో మాటకు ఏమీ లేదు. ఎస్‌జీపీటీ కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైమ్. హెపటైటిస్ బి వైరస్ ఏళ్ళ తరబడి కాలేయంలో చప్పుడు లేకుండా ఉండగలదు. ఆ కాలమంతా ఎస్‌జీపీటీ మామూలుగానే కనిపించవచ్చు. ఇంకోవైపు మందు తాగేవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకు వైరస్ ఏమీ లేకున్నా ఆ అంకె పెరుగుతుంది. అంటే ఎల్‌ఎఫ్‌టీ కాలేయం పరిస్థితిని కొంత చెప్తుంది గానీ వైరస్ ఉందో లేదో చెప్పదు.

వైరస్ సంగతి చెప్పేవి వేరే రెండు పరీక్షలు. హెపటైటిస్ బికి హెచ్‌బీఎస్‌ఏజీ, ఇది ఆ వైరస్ పైపొర ప్రోటీన్‌ను వెదుకుతుంది. సికి యాంటీ హెచ్‌సీవీ, ఇది ఆ వైరస్ మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీని వెదుకుతుంది. పరగడుపున పోవాల్సిన పని కూడా లేదు. ల్యాబ్ చీటీ మీద ఈ రెండు పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ప్యాకేజీ ఎంత పెద్దదైనా మీ ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఎల్‌ఎఫ్‌టీయా, ఈ వైరస్ పరీక్షలా అని ఎంచుకోవాల్సి వస్తే ఎల్‌ఎఫ్‌టీ పక్కన పెట్టి ఈ రెండూ చేయించుకోమని నేనంటాను.

“నాకు కామెర్లే రాలేదు, ఇంగ హెపటైటిస్ యాడిది?” అనే మాట మన సీమలో తరచూ వినబడుతుంది. బి, సి వైరస్‌లు ఒంట్లో ఉన్నవాళ్ళలో చాలామందికి కళ్ళు ఎప్పుడూ పచ్చబడవు. బి చాలామందికి కాన్పు సమయంలోనే తల్లి నుంచి వస్తుంది. పసిబిడ్డకు సోకితే నూటికి తొంభైమందిలో జీవితాంతం నిలిచిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు సోకితే నూటికి అయిదుగురి కంటే తక్కువమందిలో నిలుస్తుంది. అందుకే పాతికేళ్ళ అబ్బాయికి పాజిటివ్ వస్తే అతని నడవడిక మీద అనుమానపడటం అన్యాయం. ఆ వైరస్ అతనితోపాటే పుట్టి ఉండవచ్చు. సి అయితే ఎక్కువగా రక్తం దారినే వస్తుంది. ఒకరికి వాడిన సూదితో ఇంకొకరికి ఇంజెక్షన్, తిరునాళ్ళలో ఒకే సూదితో వేసే పచ్చబొట్లు, రక్తానికి సి పరీక్ష తప్పనిసరి కాని పాతరోజుల్లో ఎక్కించుకున్న రక్తం, డయాలసిస్. వీటిలో ఏదైనా మీకు వర్తిస్తే గల్ఫ్‌కు పోయినా పోకున్నా ఒకసారి చూపించుకోండి.

చిన్న పట్టీ మీద అప్పటికప్పుడు చూసే కార్డు పరీక్షా, ల్యాబ్‌లో యంత్రంతో చేసే ఎలైజానా అనే దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కార్డు పరీక్ష పావుగంటలో, ఇరవై నిమిషాల్లో తేలుతుంది, ఖర్చు తక్కువ, మొదటి చూపుకు చాలు. ఎలైజా ఇంకా సూక్ష్మంగా పట్టుకుంటుంది. కార్డు మీద పాజిటివ్ వస్తే ఎలైజాతో ఖాయం చేసుకోవాలి. నెగెటివ్ వచ్చినా ఈమధ్యే సోకే అవకాశం ఉందనుకుంటే కొన్ని వారాలాగి మళ్ళీ చేయించుకోవాలి. సోకిన వెంటనే ఏ పరీక్షా పట్టుకోలేదు. బికి సాధారణంగా నెల, సి యాంటీబాడీకి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ కారణంగానే ‘రక్తదానం చేస్తే పరీక్షలన్నీ ఫ్రీగా అయిపోతాయి’ అనే ఆలోచన ప్రమాదకరం. ఆ మధ్యకాలంలో మీరిచ్చిన రక్తం ఇంకొకరికి ఎక్కుతుంది.

ఇక ఎక్కడ చేయించుకోవాలి? ప్రైవేటు ల్యాబ్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది. పొద్దున రక్తమిస్తే సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు. మొదటి రెండు పరీక్షలకు ఖర్చు కూడా చాలామంది భరించగలిగేదే. నెగెటివ్ వస్తే కథ అక్కడితో అయిపోతుంది. పాజిటివ్ వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూడాలి, అది ప్రైవేటులో వేలల్లో ఉంటుంది. స్కాన్లు, డాక్టరు ఫీజులు, అవసరమైతే ఏళ్ళ తరబడి మందులు. ఇవన్నీ సొంత డబ్బుతో మొదలుపెట్టిన కుటుంబాలు మధ్యలో ఆపేస్తాయి. హెపటైటిస్ బి మందు డాక్టరుకు చెప్పకుండా ఆపితే జబ్బు ఒక్కసారిగా తిరగబడి ప్రాణం మీదకు రావచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఇందులో ఉచితం. కాబట్టి పాజిటివ్ వచ్చినవాళ్ళు కడపలో రిమ్స్‌కో, అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రులకో పోయి మెడిసిన్ ఓపీలో ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగడం మేలు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి వరుస పొడుగే. నమూనా వేరే చోటికి పంపాల్సి వస్తే రిపోర్టు ఆలస్యం కావచ్చు. ఒక కూలిరోజు పోతుంది, అది చిన్న నష్టం కాదు. అయినా ఏళ్ళ తరబడి నడవాల్సిన వైద్యం కాబట్టి నా మొగ్గు పెద్దాసుపత్రి వైపే. మొదటి పరీక్ష ప్రైవేటులో చేయించుకుని, పాజిటివ్ వస్తే ఆ కాగితం పట్టుకుని పెద్దాసుపత్రికి పోవడం చాలామందికి కుదిరే దారి.

కళ్ళు పచ్చబడినవాళ్ళ సంగతి వేరు. వానలు మొదలై మురుగునీరు తాగునీటి పైపుల్లో కలిసే రోజుల్లో వచ్చే కామెర్లు ఎక్కువగా ఎ, ఇ వైరస్‌ల వల్ల. అప్పుడు ఆ వైరస్ ఈమధ్యే సోకిందా అని చెప్పే ఐజీఎం పరీక్షలు, కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్, దాంతోపాటు పీటీ ఐఎన్‌ఆర్ అడగాలి. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఈ చివరిది కాలేయం ఎంత ప్రమాదంలో ఉందో ముందే చెప్తుంది. పసరుమందు మంచిదా, పరీక్ష మంచిదా అని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు పోతుంది. కానీ గర్భిణికి, ముఖ్యంగా ఏడో నెల దాటాక, ఇ వైరస్ సోకితే ప్రాణాపాయం. నిండు గర్భిణిని పసరు కోసం, చేతికి వాత కోసం ఊళ్ళు తిప్పితే పోయేది విలువైన సమయం. ఆమెను నేరుగా పెద్దాసుపత్రికే తీసుకుపోవాలి.

కామెర్లకు పసరుగా ఇచ్చే నేల ఉసిరిని శాస్త్రం పట్టించుకోలేదనుకోవద్దు. హెచ్‌బీఎస్‌ఏజీని మొదట గుర్తించి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్, మద్రాసు పరిశోధకులతో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో దాని మీద ఆశాజనకమైన ఫలితాలు ప్రచురించాడు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. ‘నెలలో నెగెటివ్ చేస్తాం’ అని మెడికల్‌లో ఫెయిలైనవాళ్ళ చుట్టూ తిరిగే మందులకు డబ్బు పెట్టకండి. హెచ్‌బీఎస్‌ఏజీ తనంతట తాను పోవడం ఏడాదికి సుమారు నూటికి ఒకరిలోనే.

పాజిటివ్ అంటే రేపే మందు మింగాలని కూడా కాదు. వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ, కాలేయం గట్టిపడిన తీరు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. చాలామందికి ఆరు నెలలకోసారి పరీక్ష చాలు. మందు అవసరమైతే టెనోఫోవిర్ లాంటి మాత్ర రోజుకొకటి. సి అయితే సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై అయిదుగురికి పైగా పూర్తిగా నయమవుతుంది. నయమయ్యాక కూడా యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్‌గానే ఉంటుంది కాబట్టి, వైరస్ లేదని చూపే ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జాగ్రత్తగా దాచుకోవాలి. బి పాజిటివ్ వచ్చిన ఇంట్లో అమ్మ, భార్య లేదా భర్త, తోబుట్టువులు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. ఒకే పళ్ళెంలో తింటే, పక్కన కూర్చుంటే ఇది అంటదు. గిన్నె వేరు పెట్టి మనిషిని దూరం చేయకండి.

నెగెటివ్ వచ్చినవాళ్ళు హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. గల్ఫ్‌కు పోయేవాళ్ళు మాత్రం తేదీలు చూసుకోండి. టీకాలో ఉండేది కూడా హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష వెదికే ప్రోటీనే కాబట్టి, డోసు పడ్డాక రెండు మూడు వారాల వరకు హెచ్‌బీఎస్‌ఏజీ తాత్కాలికంగా పాజిటివ్ చూపించవచ్చు. మెడికల్ దగ్గర్లో ఉంటే అది అయిన మరునాడు మొదటి డోసు వేయించుకోండి. ఇప్పటికే వేయించుకుని ఉంటే నెలరోజులాగి మెడికల్‌కు పోండి.