అండమాన్‌లో హేవ్‌లాక్, నీల్: ఫెర్రీ టైము, ఆటుపోట్ల టైము చూసుకుని వేసుకోవాల్సిన ప్లాను

అండమాన్ వెళ్లేవాళ్లు ముందు హోటల్ ఫొటోలు చూస్తారు, తర్వాత ప్యాకేజీ రేటు చూస్తారు. అక్కడికి వెళ్లాక రోజంతా నడిపించేది మాత్రం ఫెర్రీ టైము, సముద్రం పోటు మీద (నీళ్లు పైకొచ్చి) ఉందా ఆటు మీద (నీళ్లు వెనక్కి పోయి) ఉందా అన్న లెక్క. ఈ రెండూ ముందే చూసుకుంటే మధ్యరకం గదిలో ఉన్నా యాత్ర హాయిగా సాగుతుంది.

ముందు పేర్ల సంగతి. హేవ్‌లాక్ దీవికి 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, ఆటోవాళ్ల నోట పాత పేర్లే వినిపిస్తాయి. బుకింగ్ చేసేటప్పుడు రెండూ గుర్తుంచుకోండి.

వరస ఇలా పెట్టుకుంటే మంచిది: పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో రెండు లేదా మూడు, నీల్‌లో ఒకటి లేదా రెండు, తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. ఈ చివరి రాత్రిని తగ్గించుకుందామని చూడకండి. పొద్దున నీల్‌లో ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామనే ప్లాన్లు సముద్రం బాగున్నంతవరకే పనిచేస్తాయి. గాలి పెరిగితే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మన కోసం ఆగదు. 2016 డిసెంబరు తుపానులో వెయ్యిమందికి పైగా యాత్రికులు ఈ రెండు దీవుల్లో చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. సముద్రం బాగా నెమ్మదిగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి కాబట్టి ఆ నెలల్లో వెళ్తే ఇంకో రోజు చేతిలో పెట్టుకోండి.

ఫెర్రీలు రెండు రకాలు. మాక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్, ఐటీటీ మెజెస్టిక్ లాంటి ప్రైవేటువి హడ్డో జెట్టీ నుంచి, ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి. రెండూ వేర్వేరు చోట్లు. "జెట్టీకి పోనివ్వు" అని మాత్రమే చెబితే ఆటో తప్పు గేటు దగ్గర దింపే అవకాశం ఉంది. ప్రైవేటు ఫెర్రీలో హేవ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండున్నర గంటలు, అక్కణ్ణుంచి నీల్‌కు సుమారు గంట. ఏసీ ఉంటుంది, సీటు నంబరు ఉంటుంది, నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. టికెట్ వెయ్యి రూపాయలు దాటి, క్లాసును బట్టి రెండు వేల పైకి కూడా పోతుంది. ప్రభుత్వ పడవ ఇందులో సగంకంటే తక్కువకే వస్తుంది, గాలి తగిలేలా డెక్ మీద నిలబడొచ్చు. కానీ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు, ద్వీపవాసులకే మొదటి ప్రాధాన్యం. అది న్యాయమే: ఆస్పత్రికి, ఆఫీసు పనికి వాళ్లకు అదే దారి. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ప్రైవేటుదే తీసుకోండి. ఫెర్రీ టికెట్లు ఖాయమయ్యాకే హోటళ్లు బుక్ చేయండి.

బయల్దేరడానికి గంట ముందు జెట్టీలో ఉండాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు చూస్తారు, పెద్ద బ్యాగులు తీసుకుని లగేజీ చోట పేరుస్తారు. దిగేదాకా అవి చేతికి రావు కాబట్టి మందులు, నీళ్లు, పిల్లల బట్టలు, ఒక ప్లాస్టిక్ కవరు చేతిసంచిలో ఉంచుకోండి. కవరు వాంతుల కోసం. మూసి ఉన్న ఏసీ ఫెర్రీలో కిటికీలు తెరుచుకోవు. అలలకు ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది, కుదుపు తక్కువ తెలిసేది కింది డెక్‌లో మధ్య నుంచి వెనక దాకా ఉన్న సీట్లలో. ఎక్కువ డబ్బు పెట్టి పై అంతస్తు సీటు కొంటే ఊగుడు కూడా ఎక్కువే. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి, ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. ఊగుడు మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది. ఇడ్లీలాంటి తేలిక టిఫిన్ తినండి, ఖాళీ కడుపు కూడా మంచిది కాదు.

హేవ్‌లాక్‌లో హోటళ్లు ఎక్కువగా తూర్పు తీరాన, గోవింద్ నగర్, విజయ్ నగర్ వైపు ఉంటాయి. ఫొటోల్లో గది ముందే నీలి సముద్రం కనిపిస్తుంది. అది పోటు మీద తీసిన ఫొటో. ఆటు వచ్చినప్పుడు అదే చోట నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, రాళ్లు, చచ్చిన పగడాలు బయటపడతాయి. ఈత కుదరదు, చెప్పుల్లేకుండా నడిస్తే పాదాలు కోసుకుంటాయి. బీచ్ ముందు గదికి రెట్టింపు కట్టేకంటే గోవింద్ నగర్ బజారుకు దగ్గరలో శుభ్రమైన గది తీసుకుని, ఈతకు రాధానగర్ బీచ్‌కు వెళ్లడం నయం. భోజనం కూడా బజారులోనే సులువు. బెంగాలీ హోటళ్లలో చేపల థాలీ బాగుంటుంది, శాకాహారులకు పప్పు, కూర దొరుకుతాయి.

రాధానగర్ జెట్టీకి పది పన్నెండు కిలోమీటర్లు, పడమటి తీరం. మెత్తని ఇసుక, రాళ్లు లేవు, ఈతకు అన్నిటికంటే బాగుంటుంది. ఉప్పునీటి మొసళ్లున్న దీవులివి. 2010లో పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో మొసలి దాడిలో ఒక పర్యాటకురాలు చనిపోయారు. లైఫ్‌గార్డు చూపించిన హద్దు దాటకండి, చీకటి పడ్డాక నీళ్లలో ఉండకండి. ఇక్కడ గడియారం మన టైమే గానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. నవంబరు, డిసెంబరుల్లో ఐదుంబావు కల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. తీరిగ్గా ఐదున్నరకు చేరేవాళ్లకు చీకటే మిగులుతుంది. నాలుగుకల్లా ఉండండి, తిరిగొచ్చే ఆటో వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి.

నీళ్లలో పగడాలు, చేపలు చూడ్డానికి ఎలిఫెంట్ బీచ్‌కు జెట్టీ నుంచి స్పీడ్ బోటులో వెళ్తారు. మొదటి ట్రిప్పు పట్టుకోండి, జనం పెరిగాక ఇసుక రేగి నీళ్లు మసకబారతాయి. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబారి చచ్చిపోయాయి. రంగురంగుల తోట ఊహించుకోకుండా చేపల కోసం చూడండి. స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో నీళ్ల లోతుకు దిగడం) చేయాలనుకుంటే హేవ్‌లాక్‌లోనే, యాత్ర మొదట్లోనే చేయాలి. డైవింగ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, కుదిరితే 24 గంటలు ఉండాలి. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానంలో పీడనం తగ్గినప్పుడు బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య ఉంటే డైవింగ్ వాళ్లిచ్చే ఫారంలో దాచకండి. జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయినా ఆ రోజుకు మానేయండి, చెవి పీడనం సరిచేసుకోలేక కర్ణభేరి దెబ్బతింటుంది.

నీల్ చిన్నది, కూరగాయల పొలాల మధ్య స్కూటరు మీద ఒక్కరోజులో తిరిగేయొచ్చు. ఇక్కడ అసలు చూడాల్సింది లక్ష్మణ్‌పూర్-2 బీచ్‌లోని సహజ రాతి వంతెన. దానికి ఆటు ఉండాలి. ఆటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి నిన్న వచ్చినవాళ్ల టైము మీకు పనికిరాదు. ఆటుపోట్ల పట్టికలో పోర్ట్ బ్లెయిర్ టైము చూసి, నీళ్లు అడుగంటడానికి గంట ముందు అక్కడ ఉండండి. పౌర్ణమి, అమావాస్యలప్పుడు నీళ్లు ఇంకా వెనక్కి పోతాయి, అప్పుడు వంతెన కింది రాళ్ల గుంటలు బాగా తెలుస్తాయి: మోకాలి లోతు కూడా లేని నీళ్లలో నల్లని సముద్ర దోసకాయలు అనే మెత్తని జీవులు, గవ్వను మోసుకుంటూ పోయే సన్యాసి పీతలు, రాతి పగుళ్లలో దాక్కున్న చిన్న చేపలు. నాచు పట్టిన రాళ్ల మీద రబ్బరు చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి. నీళ్లు మళ్లీ పెరగడం మొదలైతే వెంటనే తిరగండి.

నీల్‌లో చేతిలో నగదు ఉండాలి. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక నెట్ మెరుగైంది గానీ చిన్న దుకాణాల్లో ఫోన్‌పే మీదే ఆధారపడలేం.

తెలుగువాళ్లకు పోర్ట్ బ్లెయిర్‌లో భాష ఇబ్బంది పెద్దగా ఉండదు. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో 13 శాతం మంది మాతృభాష తెలుగే. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, కానీ ఒకవైపే రెండున్నర రోజులు పడుతుంది, సర్వీసులు తక్కువ. సెలవు పదిహేను రోజులుంటేనే ఆలోచించండి.

చివరి రోజుకు పోర్ట్ బ్లెయిర్ పక్కనే ఉన్న చిన్న దీవి రాస్ ఐలాండ్ ఉంచుకుంటే అది బుధవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు మూసేస్తారు. బ్యాగు సర్దేటప్పుడు పిల్లలు ఏరుకున్న గవ్వలు, పగడపు ముక్కలు తీసి బయట పెట్టేయండి. పగడాలు, చట్టం రక్షించే రకాల గవ్వలు తీసుకెళ్లడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, విమానాశ్రయం స్కానర్‌లో అవి స్పష్టంగా కనిపిస్తాయి.