మొదటి ఎంయూఎన్‌కి ఏది మేలు: అమెరికానా, తువాలునా?

ఎంయూఎన్ (మోడల్ యునైటెడ్ నేషన్స్) అంటే విద్యార్థులు ఒక్కో దేశం ప్రతినిధిగా కూర్చుని ఐరాసలో లాగా చర్చించే కాన్ఫరెన్సు. దాని ఫారంలో ఇష్టమైన దేశాలు మూడు రాయమంటారు కదా, మా కాలేజీలో జూనియర్లు ఏటా అవే రాస్తారు. అమెరికా, రష్యా, ఇండియా. ఇంటర్ ఫస్టియర్‌లో నేనూ అదే రాశాను. ఇప్పటికి ఆరు కాన్ఫరెన్సులకి వెళ్లొచ్చాక గట్టిగా చెప్తున్నా, మొదటిసారి వెళ్లేవాళ్లకి చిన్న దేశమే మేలు. ఏదో ఒక చిన్న దేశం కాదు, ఆ ఎజెండాతో ప్రాణం ముడిపడి ఉన్న చిన్న దేశం.

పెద్ద దేశానికి లాభాలు లేవని కాదు. మీరు లేవకపోయినా అందరూ మీ గురించే మాట్లాడతారు, మిగతా డెలిగేట్లు రాసి పంపే చిట్లు మీకే వస్తాయి, కమిటీ నడిపే ఈబీ కళ్లు మీ మీదే ఉంటాయి. చదవడానికి మెటీరియల్‌కి లోటే లేదు, అసలు కష్టం కూడా అక్కడే. వాతావరణ మార్పు మీద అమెరికా వైఖరి ఏంటి అంటే ఒక్క ముక్కలో చెప్పలేం. పారిస్ ఒప్పందం నుంచి 2020లో బయటికొచ్చింది, 2021లో మళ్లీ చేరింది, 2025 జనవరిలో మళ్లీ వెళ్లిపోతున్నానని ప్రకటించింది. నెట్‌లో దొరికిన పేపర్ ఏ ప్రభుత్వం నాటిదో చూసుకోకుండా చదివితే మీ స్పీచ్‌లో మొదటి సగం ఒక అధ్యక్షుడిది, రెండో సగం ఇంకొకరిది అవుతుంది.

మొదటిసారి నాకు అమెరికాయే వచ్చింది, కానీ నాకు జరిగింది వేరే. ఎనభై పేజీల ప్రింటౌట్లు స్పైరల్ బైండింగ్ చేయించుకుని, స్పీచ్ బట్టీ పట్టి వెళ్లాను. స్పీచ్ బాగానే అయింది. వెంటనే ఒక డెలిగేట్ లేచి, వాతావరణ మార్పు మీద కుదిరిన క్యోటో ఒప్పందంపై అమెరికా 1998లో సంతకం పెట్టి ఇప్పటిదాకా ఎందుకు ఆమోదించలేదని అడిగింది. జవాబు నా ఫైల్లోనే ఎక్కడో ఉంది, వెతికేలోపు టైమ్ అయిపోయింది. ఆ తర్వాత మాట్లాడతానని ప్లకార్డు ఎత్తాలంటేనే భయం వేసింది, రెండో రోజంతా అలాగే కూర్చున్నాను. బాగా చదివే పిల్లలు కూడా ఒక్క ప్రశ్నకి ఇలా మూగబోయి, మళ్లీ ఎంయూఎన్ వైపే రాకపోవడం చూశాను. అందుకే ఇంతగా చెప్తున్నా.

రెండోసారి తువాలు వచ్చింది, సముద్ర మట్టం పెరిగి మునిగిపోయే ముప్పున్న పసిఫిక్ దేశం. తొమ్మిది దీవులు, దాదాపు పదకొండు వేల జనం, మన దగ్గర ఒక పెద్ద కాలనీలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. వారం రోజులు కాలేజీ అయ్యాక కూర్చుంటే ఆ దేశం ఐరాసలో ఇచ్చిన ముఖ్యమైన ప్రసంగాలన్నీ చదివేయొచ్చు, నేను చదివాను. 2021లో వాళ్ల విదేశాంగ మంత్రి సైమన్ కోఫె మోకాళ్ల లోతు సముద్రపు నీళ్లలో నిలబడి మాట్లాడిన వీడియో చాలామంది చూసే ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో ఆ వీడియో చూస్తుంటే నానమ్మ పక్కనే ఉంది. ఆమెది కొల్లాపూర్ వైపు, వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. సంగతేంటో చెప్తే ఒకటే అడిగింది, "మరి మునిగినంక ఆ మనుషులు యాడికి పోతరు బిడ్డా?"

నా స్పీచ్ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది. ఎందుకంటే దానికి నిజంగానే ఒక జవాబు ఉంది, అది సరిపోదు కూడా. 2023లో ఆస్ట్రేలియాతో తువాలు ఒక ఒప్పందం చేసుకుంది, దాని ప్రకారం ఏడాదికి 280 మంది వరకు అక్కడికి వెళ్లి స్థిరపడొచ్చు. మనుషులు వెళ్లిపోయాక దేశం దేశంగా ఉంటుందా, దాని సముద్ర హద్దులు ఎవరివి, ఓటు ఎవరిది అని అడిగాను. నాకు వచ్చిన ప్రశ్నలన్నీ ఆ చుట్టూనే తిరిగాయి, అన్నీ నేను చదివినవే. ఇంగ్లిష్ తడబడుతుందని టెన్షన్ పడే తెలుగు మీడియం పిల్లలకి ఇదే పెద్ద ఊరట. ముందు తెలుగులో ఇంట్లోవాళ్లకి చెప్పి చూసుకోండి, ఇంగ్లిష్ తర్వాత రాసుకోవచ్చు.

ఇంకో లాభం, స్నేహితులు రెడీగా ఉంటారు. చిన్న ద్వీప దేశాల కూటమి 1990 నుంచే ఉంది, అన్‌మోడ్ (సీట్లలోంచి లేచి మిగతా డెలిగేట్లతో నేరుగా మాట్లాడుకునే సమయం) మొదలవగానే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. సాధారణ సభలో 193 దేశాలకీ తలా ఒక ఓటే. 2023 మార్చిలో వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కోరే తీర్మానాన్ని ముందుండి నడిపించింది పసిఫిక్ ద్వీప దేశం వనువాటు, ఆ ఆలోచన మొదలైంది పసిఫిక్‌లోని లా విద్యార్థుల దగ్గర. కోర్టు 2025 జూలైలో అభిప్రాయం చెప్పింది కూడా.

ఎజెండా మారితే దేశం కూడా మారాలి. అణ్వాయుధాలైతే మార్షల్ దీవులు అడగండి, 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు చేసింది. సైబర్ భద్రత అయితే 2007లో దాడులు ఎదుర్కొన్న ఎస్టోనియా. ఎజెండాతో సంబంధం లేని చిన్న దేశం వస్తే మాత్రం రెండ్రోజులు చెప్పడానికి ఏమీ ఉండదు, దానికంటే పెద్ద దేశమే నయం.

ఇండియా? తెలిసిన దేశమే కదా అని తీసుకుంటారు, లేచి సొంత అభిప్రాయం చెప్పేస్తారు. 2070 నాటికి నెట్ జీరో అన్నది మన ప్రభుత్వ మాట, మీకు నచ్చినా నచ్చకపోయినా అక్కడ అదే చెప్పాలి.

భద్రతా మండలి మొదటిసారికి వద్దు. పదిహేను మందే ఉంటారు, దాక్కోవడానికి చోటుండదు, మధ్యలో క్రైసిస్ అప్‌డేట్ (పరిస్థితి మారిందని ఈబీ ఇచ్చే కొత్త కబురు) వస్తే మీరు రాసుకున్నదంతా పాతబడిపోతుంది. ఇది మన హైదరాబాద్‌కే జరిగింది. 1948 సెప్టెంబర్ 16న పారిస్‌లో మండలి ముందు నిజాం ప్రతినిధి బృందం వాదన వినిపించింది, మర్నాడే ఇక్కడ నిజాం లొంగుబాటు ప్రకటించారు.

ఇప్పటికే అమెరికా అలాట్ అయిపోయి ఉంటే మార్చమని మెయిల్ పెట్టి చూడండి. కుదరకపోతే ఎనభై పేజీలు ప్రింట్ తీయకండి. ఆ ఎజెండా మీద ఇప్పటి ప్రభుత్వం చెప్పిన తాజా మాట, యూఎన్ డిజిటల్ లైబ్రరీలో ఓటింగ్ రికార్డు, సంతకం పెట్టి ఆమోదించని ఒప్పందాలు, ఈ మూడూ ఒక్క కాగితం మీద సొంత చేతిరాతతో రాసుకుని వెళ్లండి. మిమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ మూడోదాన్నుంచే వస్తాయి.