ఈటీపీ రికార్డులు: ఏళ్ల తరబడి రాస్తున్నవాడి మాట

ఈటీపీలో, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో, రాయాల్సిన ఇన్ని రిజిస్టర్లలో దేనికి విలువుందని అడిగితే షిఫ్ట్ లాగ్‌బుక్కే చూపిస్తాను. పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లో చాలా ఏళ్లుగా వీటితోనే నా కాపురం.

ఇన్‌లెట్, అవుట్‌లెట్ టోటలైజర్ (మొత్తం ఎన్ని నీళ్లు పారాయో కూడే మీటరు) రీడింగులు, పీహెచ్, కలిపిన సున్నం, పటిక, ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ తిరిగిన గంటలు, ఈటీపీకి విడిగా ఉన్న కరెంటు మీటరు యూనిట్లు. చూడ్డానికి చప్పటి అంకెలే గానీ ఒకదాని అబద్ధాన్ని ఇంకొకటి పట్టిచ్చేస్తుంది. నీళ్లు రోజూలాగే వచ్చాయని రాసి, యూనిట్లు సగానికి పడిపోయి ఉంటే, తనిఖీకి వచ్చినాయన వేలు సరిగ్గా అక్కడే ఆగుతుంది. అందుకే నైట్ షిఫ్ట్ కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే: "బ్లోయర్ ట్రిప్ అయితే టైమేసి ట్రిప్ అనే రాయి తమ్ముడూ, తెల్లారాక అంకెలు కుదర్చకు." మూడు షిఫ్టులూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిన పేజీని ఎవరు నమ్ముతారు?

రీడింగులు నేరుగా మండలికి పంపే ఆన్‌లైన్ మీటర్ల సంగతి వేరు. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలను వీటిని పెట్టమంది, అందులో ఫార్మా ఒకటి. పనికొస్తాయి, కాకపోతే గారాబం ఎక్కువ. సెన్సార్ గాజు మీద జిగురు పట్టిందంటే చాలు, నీళ్లు బాగున్నా సీఓడీ (నీళ్లలో కాలుష్యం ఎంతుందో చెప్పే అంకె) ఎక్కి కూర్చుంటుంది, అలర్ట్ వెళ్లిపోతుంది. అప్పుడు మనల్ని కాపాడేవి క్లీనింగ్, క్యాలిబ్రేషన్ రిజిస్టరు, ఆ రోజు ల్యాబులో డైక్రోమేట్‌తో చేసిన సీఓడీ. మెయింటెనెన్స్ కాంట్రాక్టు వాళ్లు ఫోనెత్తరు, అది మామూలే.

ఈటీపీ బురద ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క. 90 రోజులకు మించి షెడ్డులో ఉంచకూడదు, లారీతో పాటు ఫారం-10 మానిఫెస్ట్ (వ్యర్థం రవాణా పత్రం) వెళ్లాలి. ఏడు కాపీల్లో నీలం రంగుది తిరిగొస్తేనే బురద చేరాల్సిన చోటికి చేరినట్టు. లారీ గేటు దాటగానే పనైపోయిందనుకునేవాళ్లు ఈ కాపీ కోసం వెంటపడరు. నేను మాత్రం దీనికో ఫైలే పెట్టుకున్నాను.

ఇక ఫారం-5. మార్చి 31తో ముగిసిన ఏడాదికి సెప్టెంబరు 30 లోపు ఇవ్వాల్సిన పర్యావరణ నివేదిక. ఉద్దేశం మంచిదే, కానీ చాలాచోట్ల పోయినేడాది కాపీలో తేదీ మార్చి సంతకం పెట్టేస్తారు. కిలో సరుకుకు ఎంత నీళ్లు వాడామన్న గడిని నిజాయితీగా నింపితే ఎంఈఈకి (మురుగునీటిని ఆవిరితో మరిగించి ఇగిర్చే యంత్రానికి) ఆవిరి ఖర్చు ఎందుకు పెరిగిందో అక్కడే తెలిసిపోతుంది. మిగతాదంతా నాకు విసుగే.

బురద టన్నులు ఫారం-5లో ఒకటి, ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్న్ ఫారం-4లో ఇంకొకటి ఉంటే మాత్రం వివరణ ఇచ్చుకోవాల్సిందే. ఫారం-4 జూన్ 30కే పోతుంది కాబట్టి, అప్పుడే మానిఫెస్టులన్నీ కూడి లెక్క తేల్చి పెట్టుకుంటాను. సెప్టెంబరులో అదే అంకె దించుకోవచ్చు.