మెకంజీ కనుమ: లావా మీదుగా పాత దారి

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో స్థిరపడినప్పటి నుంచి దాదాపు ప్రతి వేసవిలోనూ మెకంజీ కనుమ మీదుగా వెళ్లే 242వ నంబరు రహదారి ఎక్కుతున్నాను. సిస్టర్స్ ఊరికి శాంటియం కనుమ మీదుగా వెడల్పాటి రహదారి ఉంది, త్వరగా చేరుస్తుంది కూడా. తీరిక ఉంటే మాత్రం నాకు మెకంజీ కనుమే కావాలి.

పడమర నుంచి తూర్పుకు వెళ్లండి. మెకంజీ బ్రిడ్జ్ అనే ఊరు దాటాక దట్టమైన అడవి, నాచు పట్టిన మానులు, డెడ్‌హార్స్ గ్రేడ్ అనే వాలు దగ్గర ఒకదానిపై ఒకటిగా హెయిర్‌పిన్ మలుపులు. రోడ్డు ఇరుకు, పక్కకు దిగే చోటు ఉండదు. పైకి చేరాక చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయి, ఇరువైపులా నల్లటి లావా దిబ్బలు మొదలవుతాయి. ఇదంతా గత 3 వేల ఏళ్లలో పొంగినదే. 1964లో చంద్రయాత్ర కోసం వ్యోమగాములకు ఇక్కడ కూడా శిక్షణ ఇచ్చారు.

కనుమ ఎత్తు 5,325 అడుగులు. అక్కడ 1935లో లావా రాళ్లతోనే కట్టిన డీ రైట్ అబ్జర్వేటరీ ఉంది, చుట్టుపక్కల శిఖరాలను చూసేందుకు కట్టినది. గోడల్లోని ఒక్కో చిన్న కిటికీ ఒక్కో శిఖరం వైపు తెరిచి ఉంటుంది. ఒకదానిలో నార్త్ సిస్టర్, మరోదానిలో మౌంట్ వాషింగ్టన్. గోడ రాయిని దగ్గరగా చూడండి: వాయువు తప్పించుకుపోయిన బుడగల గుంతలు, వేలికి గుచ్చుకునే అంచులు.

కింద అరమైలు కాలిబాటలో జాన్ క్రెయిగ్ వేయించిన బండ్ల దారి ఆనవాళ్లు కనిపిస్తాయి. 1870ల మొదట్లో ఈ రాళ్లను పగలగొట్టి, చదును చేసి దారి తీశారు. 1877 శీతాకాలంలో తపాలా మోసుకెళ్తూ క్రెయిగ్ ఈ కనుమలోనే చనిపోయాడు. ఆయన స్మారకం రోడ్డు పక్కనే ఉంది. దయచేసి అక్కడ ఆగండి.

35 అడుగులు మించిన వాహనాలకు అనుమతి లేదు. పైన పెట్రోలు బంకు లేదు, ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మలుపుల్లో తల తిరిగేట్టయితే సిస్టర్స్ వైపు నుంచి అబ్జర్వేటరీ దాకా వెళ్లి వెనక్కి రండి, అటువైపు మలుపులు తేలిక. పడమటి వాలు దిగాల్సి వస్తే తక్కువ గేరులో దిగండి, బ్రేకుల మీదే ఆధారపడకండి.

మంచు వల్ల సుమారు నవంబరు నుంచి జూన్ దాకా గేట్లు మూసే ఉంటాయి. నాకు అక్టోబరు మొదటి వారం ఇష్టం. అప్పుడు వైన్ మేపుల్ ఆకులు నల్లరాళ్ల మధ్య ఎర్రబడతాయి, రద్దీ తగ్గుతుంది. ఆ నెలలో ముందే మంచు పడవచ్చు కాబట్టి బయలుదేరే ఉదయమే గేటు తెరిచి ఉందో లేదో చూసుకోండి.